ధనుష్కోటి ఇసుక మీద మా పెద్దమ్మ

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. పత్తికొండ బడిలో జాగ్రఫీ చెప్పే అయ్యవారిని నేను. ఎవరికైనా దయ్యం పట్టిందంటే, ముందు జ్వరం ఉందేమో చూడమనేవాణ్ని. ఇప్పటికీ అదే అంటాను. అందుకే ఈ సంగతి బయట పెట్టడానికి ఇన్నేళ్లు వెనకాడాను.

పంతొమ్మిదివందల యాభైల్లో జరిగింది. మా అమ్మ నా చిన్నతనంలోనే పోతే, ఆలూరు దగ్గర పల్లెలో నన్ను పెంచింది మా పెద్దమ్మ. ఆమె చూసిన దూరప్రాంతమల్లా ఒంటిమిట్ట ఒక్కటే. సముద్రస్నానం చేయకుండానే కన్ను మూస్తానేమోనని ఆమె దిగులు. ఒక వేసవి సెలవుల్లో గుంతకల్లులో రైలెక్కించి రామేశ్వరం, అక్కణ్నుంచి ధనుష్కోటి తీసుకుపోయాను.

అక్కడ నేల సన్నగా సాగిపోయి ఇసుకతో ముగుస్తుంది. ఎడమవైపు నీళ్లు చెరువులా నిమ్మళంగా ఉంటాయి, కుడివైపు అలలు విరుచుకుపడతాయి. పొద్దున్నే ఎడమవైపు స్నానం చేశాం. నాలుగడుగులు లోపలికి వేస్తే నాకు మెడ లోతు. పెద్దమ్మ పొడి చీర కట్టుకుంది. ఆమెను బట్టల మూటతో తాటాకు పందిరి కింద కూర్చోబెట్టి, కనిపిస్తున్న గుడిసె దగ్గరికి తాగునీళ్ల కోసం వెళ్లాను.

పావుగంటలో తిరిగొచ్చాను. మూట ఉంది. పెద్దమ్మ లేదు.

అక్కడ చెట్టు లేదు, గోడ లేదు. మనిషి దాగే చోటే లేదు. అడుగుజాడలు చూద్దామంటే గాలి ఇసుకను లేపుతూనే ఉంది. కుడివైపు అలల్లోకి నడుము దాకా దిగి కేకలు పెట్టాను. ఊళ్లో వాళ్లకు ఏం చెప్పాలన్న ఆలోచన కూడా వచ్చేసింది.

ఒక జాలరి వచ్చి నా భుజం తట్టి ఎడమవైపు చూపించాడు. నీళ్లకు అవతల చిన్న ఇసుకదిబ్బ. దాని మీద మా పెద్దమ్మ కూర్చుని ఉంది.

అతని పడవలోనే పోయాం. మధ్యలో అతను గడ దించితే మనిషి ఎత్తు మునిగింది. ఆటుపోట్లు నాకు తెలియనివి కావు. పావుగంటలో అంత నీరు తగ్గి మళ్లీ పెరగదు. పెద్దమ్మ చీర అంచు కూడా తడవలేదు.

ఇక్కడికి ఎలా వచ్చావని అడిగాను. ఆమె నన్ను వింతగా చూసింది.

“నువ్వే గదప్పా చెయ్యి పట్టుకొని పిల్చుకొచ్చినావు. మూడు పక్కల నీళ్లుండాయి, ఒక పక్కే నేల ఉండాది, చెయ్యి ఇడవద్దంటివి.”

మూడు పక్కల నీళ్లు, ఒక పక్క నేల. ద్వీపకల్పం పాఠంలో ఏటా పిల్లలకు నేను చెప్పే మాట అది. ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు.

ఎండదెబ్బ అనుకుని, వచ్చీరాని అరవంలో జాలరిని అడిగాను, ఈమె ఒక్కతే పోవడం చూశావా అని. అతను రెండు వేళ్లు చూపించాడు. రెండో మనిషి ఎవరన్నాను. వేలు నా వైపు తిప్పాడు. ఒడ్డుకు చేరేదాకా మళ్లీ నా ముఖం చూడలేదు.

గుంతకల్లులో రైలు దిగేటప్పుడు చెయ్యందించాను. పట్టుకుని ఆగిపోయింది.

“నీ చెయ్యి వెచ్చగుండాదే నాయనా. ఆపొద్దు శానా చల్లగుండె,” అంది.

ఆమె ఎండకు తూలి ఉండొచ్చు. జాలరి మరెవరినో చూసి నేననుకుని ఉండొచ్చు. నాకు కనపడని మెరక నీళ్లలో ఎక్కడైనా ఉండొచ్చు. ఒక్కొక్కటిగా అన్నింటికీ సమాధానం చెప్పుకోగలను. మూడూ ఒకేసారి ఎలా జరిగాయో మాత్రం ఈ రోజుకీ చెప్పలేను.

పెద్దమ్మ ఇంకో ఆరేళ్లు బతికింది. ఆ దిబ్బ మాట మళ్లీ ఎత్తలేదు. లేవడానికి నేను చెయ్యి అందిస్తే మాత్రం, ముందు ఒక వేలితో తాకి చూసేది. ఆ తర్వాతే పట్టుకునేది.