దీపం దించని పాతర

మొన్న ఒక పాత పిల్లల నవల కొత్త అచ్చుతో మా ఇంటికి వచ్చింది. అచ్చువేసినవాళ్ళు దాని మంచిచెడ్డలు నాలుగు ముక్కలు రాసి పంపమన్నారు. పేరు ఇక్కడ రాయను. రాసినాయన ఎవరో నాకు చిన్నప్పుడు తెలియదు, మా ప్రతికి అట్ట ఉండేది కాదు. కొత్త ప్రతికి అట్ట ఉంది. దాని మీద ఇద్దరు పిల్లలు చేయీ చేయీ పట్టుకుని పాతరలోకి మెట్లు దిగుతున్నారు. కళ్ళజోడు పెట్టుకుని ఆ మెట్ల వంకే చాలాసేపు చూశాను. పాతరకు మెట్లేమిటి?

కథ తెలియనివాళ్ళకు చెబుతాను. ఒక అన్న, ఒక చెల్లెలు. ఇంట్లో తిట్టారని అలిగి, ఇంటి ముందున్న జొన్నల పాతర బండను వేలితో తడతారు. బండ తొలగుతుంది. అడుగున ఒక చిన్న తలుపు. అవతల కింది దేశం. అక్కడా ఎండ కాస్తుంది, అక్కడా వాగు పారుతుంది, అక్కడా జొన్న చేలు. పిల్లలు ఎప్పుడు తట్టినా బండ తొలగుతుంది, ఎప్పుడు దిగినా ఆ తలుపు తెరుచుకుంటుంది. తిరిగి వచ్చేసరికి పొయ్యి మీద అన్నం ఇంకా ఉడుకుతూనే ఉంటుంది. పాతర ఉన్న ఇంట్లో రెండు పూటలా వరి అన్నం వండించాడంటేనే రాసినాయన మా వైపు మనిషి కాడని తెలిసిపోతుంది.

పాతర అంటే ఈ కాలంవాళ్ళకు చెప్పక తప్పదు. మా ఆదోనిలో, అప్పుడు మాది బళ్ళారి జిల్లా, గింజల వ్యాపారం చేసేవాళ్ళు జొన్నలు భూమిలో దాచేవాళ్ళు. మూతి ఇరుకు, లోపల విశాలం. మనిషి నిలువుకు మించిన లోతు. చుట్టూ చొప్ప కట్టి, జొన్నలు పోసి, మూతి మీద బండ వేసి మట్టితో మెత్తేవాళ్ళు. ఏళ్ళు గడిచినా గింజ చెడదు, లోపలి గాలి చెడుతుంది. ఆ గాలి కంటికి కనబడదు. అందుకని బండ తీసి, కాసేపు ఆరబెట్టి, బుడ్డి దీపాన్ని తాడుకు కట్టి దించుతారు. దీపం మండితే మనిషి దిగవచ్చు. ఆరితే దిగకూడదు. మా వీధిలో పాలు తాగే పిల్లలకు తప్ప అందరికీ తెలిసిన సంగతి ఇది. మా నాయనకూ తెలుసు.

ఆయన మొదటి రోజు దీపం దించాడు. మండింది. కూలీలు దిగి సగం జొన్నలు పైకి తీశారు. సాయంత్రం వాన వచ్చేలా ఉంటే బండ మూసేశారు. మరునాడు పొద్దున బండ తీసి, కూలీలు రాకముందే, తాడు పట్టుకుని తానే దిగాడు. ఆ రోజు దీపం దించలేదు.

పైకి తీసినప్పుడు ఆయన జుట్టులో జొన్నలు ఇరుక్కుని ఉన్నాయి. నేను వాటినే చూస్తూ నిలబడ్డాను. ఏడుపు రాలేదు. ఏడవనందుకు ఆ పూట నన్ను బుద్ధిమంతురాలన్నారు, మూడోనాటికి రాతిగుండె పిల్ల అన్నారు. ఏదన్నా నాకు ఒకటే. ఆ తరువాత చాలా నెలలు నాకు దేనికీ ఏమీ అనిపించలేదు. పెట్టింది తిన్నాను, పడుకోమంటే పడుకున్నాను.

చెల్లెలు మరీ చిన్నది. ఆ పొద్దు దాన్ని ఎవరో పక్కింటికి ఎత్తుకుపోయారు. తరువాత "నాయన ఏడి?" అంటే, "హొళగుందకు బేరానికి పోయినాడు" అన్నారు. మా ఇళ్ళలో పసిపిల్లలకు అలాగే చెప్పేవాళ్ళు. నిజం చెప్పాల్సిన రోజు ఎప్పుడన్నది మాత్రం ఎవరూ ఆలోచించలేదు.

కర్మకాండ అయ్యాక మామ వచ్చి అమ్మనూ మమ్మల్నీ ఎమ్మిగనూరుకు తీసుకుపోయాడు. అది అమ్మ పుట్టిల్లు. పక్క వీధులన్నీ మగ్గాలవాళ్ళవి, తెల్లారింది మొదలు ఆ చప్పుడే. అమ్మ గోడవైపు తిరిగి కూర్చుని దూదితో వత్తులు చేసేది. ఎవరితోనూ మాట్లాడేది కాదు. మామ బళ్ళారి వెళ్ళినప్పుడు ఎక్కడో పాత కాగితాల్లో దొరికిందని ఈ పుస్తకం తెచ్చి నా ఒడిలో వేశాడు. లోపల ఏముందో ఆయన చూడలేదు. చూసి ఉంటే తెచ్చేవాడు కాదు.

నేను చదివి చెల్లెలికి వినిపించాను. మంచి చెప్పమన్నారు కాబట్టి ముందు మంచే చెబుతాను. ఈ పుస్తకంలో పిల్లలకు ఆకలేస్తుంది. కథల్లో పిల్లలకు సామాన్యంగా ఆకలి వేయదు, బుద్ధులు వస్తాయి. ఇందులో ఎవరూ బుద్ధులు చెప్పరు. కింది దేశంలో ఒక ముసలామె వీళ్ళను చూసి, కాళ్ళు కడుక్కుని రండి, రొట్టె వేడిగా ఉంది అంటుంది. ఎవరి పిల్లలని అడగదు. ఆ మాట దగ్గర నేను చదవడం ఆపి, మళ్ళీ మొదటినుంచి చదివాను. ఎందుకంటే ఎమ్మిగనూరులో గడప దాటితే చాలు, ఎవరి పిల్లలమ్మా మీరు అని అడిగేవాళ్ళు. చెప్పగానే ముఖాలు మారిపోయేవి. ఎవరి పిల్లలో అడగని ఊరు ఒకటి ఉందని రాసినందుకు ఆ రాసినాయనకు నేను ఇప్పటికీ దండం పెడతాను.

ఇంకో మంచి ఉంది. దాన్ని మంచి అనాలో చెడు అనాలో నేను ఈ వయసుకూ తేల్చుకోలేదు. కింది దేశంలో జొన్నల రాశి దగ్గర ఒకాయన కూర్చుని శేరుతో కొలుస్తూ ఉంటాడు. పిల్లల్ని చూసి నవ్వి, చేరెడు జొన్నలు వాళ్ళ దోసిట్లో పోస్తాడు. అంతే ఆయన పని. ఎలా ఉంటాడో, ఎవరో, ఒక్క ముక్క రాయలేదు.

"ఆయప్ప నాయన కదక్కా?" అంది చెల్లెలు.

"పుస్తకంలో అట్ల రాయల్యాదు," అన్నాను.

"కాదని గూడా రాయల్యాదు కదా!"

పేజీ తిరగేసి చూశాను. పుస్తకంలో నిజంగానే లేదు. అప్పటినుంచి ఆ పేజీ రాగానే చెల్లెలు కాళ్ళు ముడుచుకుని, ఇంటికి చుట్టం వచ్చినట్టు సర్దుకుని కూర్చునేది. హొళగుంద ఊసు ఎత్తడం మానేసింది. పెద్దలు హమ్మయ్య, పిల్ల మరిచిపోయింది అనుకున్నారు.

ఎండలు ముదిరాక ఆదోనికి తిరిగి వచ్చేశాం. అక్కడ నాయన తల్లి, మా జేజి, ఇల్లు నడిపేది. పాతర బండ మా వాకిట్లోనే ఉంది. దాన్ని తొక్కకుండా చుట్టూ తిరిగి పోవడం అందరికీ అలవాటైపోయింది. చెల్లెలు మాత్రం నేరుగా పోయి దాని మీద కూర్చునేది. వేలితో తట్టేది. చెవి ఆనించి వినేది. తన రొట్టెలో ఒక తుంట బండ పగుల్లో పెట్టి వచ్చేది. చీమలు తినేసేవి. నాయన తిన్నాడని సంబరపడేది.

జేజి కొన్నాళ్ళు చూసి, "ఏం కత అది, నాకు గూడా సదువు," అని నన్ను పిలిచింది. వాకిట్లో చేట ముందు పెట్టుకుని కూర్చుంది. పిల్లలు బండ తట్టి లోపలికి దిగే చోటికి రాగానే చెరగడం ఆపింది.

"దీపం దించినారా?"

"ల్యాదు జేజీ."

"మల్ల ఆ పిల్లోల్లు ఎట్ల బతికినారు?"

"కత కదా జేజీ."

"కతైతే మాత్రం? ఎవురన్నా పసిబిడ్డ ఇని దిగితే?" అంది. తరువాత నేను చాలామంది పండితుల విమర్శలు చదివాను. పిల్లల పుస్తకం గురించి ఇంతకు మించిన ప్రశ్న వేసినవాళ్ళు ఒక్కరూ కనబడలేదు.

యుద్ధం రోజులు. గింజలకు కరువు వచ్చింది. ఇక పాతర తీయక తప్పదన్నారు. ఆ పొద్దున చెల్లెలు పండగ పరికిణీ కట్టుకుని, తల దువ్వించుకుని వచ్చి వాకిట్లో నిలబడింది. ఎక్కడికి అని ఒక కూలీ నవ్వుతూ అడిగాడు.

"నేను గూడా దిగుతా. నాయన ఆడ జొన్నలు కొలుస్తాండాడు," అంది.

వాకిట్లో పలుగులు ఆగిపోయాయి. గడపలోకి అమ్మ వచ్చి నిలబడింది. ఆమె గది దాటి రావడం అదే మొదలు. పిల్లను లోపల పెట్టి గొళ్ళెం వేయండి అన్నారు ఎవరో. ఈ పిల్ల ఈ రోజు కాకపోతే ఇంకో రోజు, ఎవరూ చూడనప్పుడు దిగుతుంది అని నాకు అర్థమైంది. జేజికీ అదే అర్థమైనట్టుంది.

"గొల్లెం వద్దు. తాడు దాని సేతికియ్యండి," అంది.

బండ తీసి ఆరబెట్టాక, బుడ్డి దీపాన్ని బొక్కెనలో పెట్టి చెల్లెలి చేతులమీదుగానే దించింది జేజి. దాని నడుముకు తన చెయ్యి చుట్టి పట్టుకుంది. దీపం కిందికి పోయి జొన్నల మీద నిలిచింది. చక్కగా మండింది. "నాయనా!" అని పిలిచింది చెల్లెలు. లోపలినుంచి దాని గొంతే మందంగా తిరిగి వచ్చింది. అది నవ్వింది. పలికినాడు అంది. కూలీలు దిగి పొద్దు వాలేదాకా జొన్నలు ఎత్తారు. అడుగు తగల్లేదు. "రేపు నేను దిగుతా, అడుగున వాకిలి ఉంటాది," అంది చెల్లెలు. జేజి బండ మూయించింది.

మరునాడు పొద్దున కూలీలు బండ జరపగానే చెల్లెలు తాడు దగ్గరికి పోయింది. జేజి మళ్ళీ దీపం వెలిగించింది.

"నిన్న సూసినాం కదా జేజీ. మండె కదా," అంది చెల్లెలు.

జేజి ముఖం నేను చూశాను. ఎవరో చెంపమీద కొట్టినట్టయింది. తాడు దాని చేతికి ఇచ్చింది. బొక్కెన కిందికి పోయింది. సగం పోకముందే మంట చిన్నదై, వత్తికి అంటుకుని మిణుకుమని, ఆరిపోయింది. గాలి కొట్టిందేమో అంది చెల్లెలు. పైకి లాగి, మళ్ళీ వెలిగించి, మళ్ళీ దించారు. మళ్ళీ అక్కడే ఆరిపోయింది.

"నిన్నటి దీపం నిన్నటికే తల్లీ," అంది జేజి. "మీ నాయన గూడా అట్లే అన్న్యాడు. దీపం దించప్పా అని నేను ఈ గడపలోనించి అరిస్తే, నిన్న సూసినాం కదమ్మా అన్న్యాడు. దిగినాడు."

చెల్లెలు వంగి ఆ చీకటి మూతిలోకి చూసింది.

"హొళగుందకు పోల్యాదా?"

"పోల్యాదు."

"ఆడ అడుగున వాకిలి ల్యాదా?"

"ల్యాదు తల్లీ. జొన్నలు, మన్ను. అంతే."

చెల్లెలు తాడు జేజి చేతికి ఇచ్చేసింది. లోపలికి పోయి పరికిణీ విప్పి, మడత పెట్టమని నాకు ఇచ్చింది. ఏడుస్తుందని అందరం చూశాం. ఏడవలేదు. అదీ నాలాగే అయిపోయింది అనుకున్నాను. అప్పుడు మాత్రం నాకు భయం వేసింది. ఎన్నో నెలల తరువాత నాకు కలిగిన మొదటి భావం అది.

మధ్యాహ్నం పుస్తకం తెచ్చి నా ముందు పెట్టి చదవమంది. పిల్లలు బండ తట్టే చోటు వచ్చేసరికి చెయ్యి అడ్డం పెట్టింది. "దీపం దించినారు. ఆరిపాయ. దిగల్యాదు. అయిపాయ కత," అంది. పుస్తకం మూసేసింది. మరునాడూ అంతే, ఆ మరునాడూ అంతే. కింది దేశం లేదు, ముసలామె లేదు, రొట్టె లేదు. దిగకుండానే పిల్లలు ఇంటికి పోయి చేతులు కడుక్కునేవాళ్ళు. కథగా చూస్తే అంత చప్పటి కథ ఇంకొకటి ఉండదు. పిల్లలు బతికి ఉంటారు, అదొక్కటే అందులో బాగున్నది.

అలా కొన్నాళ్ళు గడిచాక ఒక మధ్యాహ్నం, చెల్లెలు ఎప్పటిలాగే పుస్తకం మూయబోతుంటే లోపలి గదిలోంచి అమ్మ గొంతు వినబడింది. వత్తులు చేస్తూ, గోడవైపే తిరిగి ఉంది.

"ఆ ఎనక సదువు పాపా. ఆయప్ప జొన్నలు కొలిచే కాడికి సదువు."

ఎమ్మిగనూరులో ఆ గోడవైపు తిరిగి కూర్చున్న రోజులన్నీ ఆమె వింటూనే ఉందని నాకు అప్పుడు తెలిసింది. ఆమెకు అన్నీ తెలుసు. పాతర అడుగున ఏముందో, ఏం లేదో తెలుసు. నేను చెల్లెలి వంక చూశాను. చదివితే చెల్లెలికి తెలిసిన నిజం చెడుతుంది, చదవకపోతే అమ్మ అడగక అడిగిన మాట పోతుంది.

చెల్లెలు పుస్తకం మీదనుంచి చెయ్యి తీసింది. "సదువక్కా," అంది మెల్లగా. "అమ్మకు సదువు."

చదివాను. జొన్నల రాశి, శేరు, నవ్వు, దోసిట్లో పోసిన జొన్నలు. ముఖం మాత్రం పుస్తకంలో లేదు కాబట్టి అమ్మకు కావలసిన ముఖం అమ్మ పెట్టుకుంది. లోపల వత్తులు చేసే చేతులు ఆగిపోయాయి. చెల్లెలు లేచి పోయి ఆమె వీపుకు ఆనుకుని కూర్చుంది.

మంచిచెడ్డలు అడిగారు కాబట్టి ముగిస్తాను. పాతరకు మెట్లు ఉండవు. మా ఇళ్ళలో రెండు పూటలా వరి అన్నం ఉండదు. దీపం దించకుండా పిల్లల్ని దించకూడదు, ఇది ముందుమాటలోనైనా రాయండి. ఇవన్నీ దిద్దుకోగలిగినవే. కొత్త అచ్చులో ఆ జొన్నలు కొలిచే పేజీకి ఎదురుగా నిండు బొమ్మ ఒకటి వేశారు. ఎవరో ఒకాయన శేరు పట్టుకుని నవ్వుతున్నాడు. బాగానే వేశారు.

మా నాయనకు మీసం లేదు.