పరోటాలకు గోల్ కాసిన రోజులు

ఆ రోజుల్లో సింగపూర్‌లో మాబోటి కుర్రాళ్ళు రెండే రకాలు. క్లయింట్ దగ్గర కూర్చున్నవాళ్ళు, క్లయింట్ ఎప్పుడొస్తాడా అని ఫ్లాట్‌లో కూర్చున్నవాళ్ళు. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ తలకిందులైపోతాయని లోకమంతా హడలిపోతుంటే, ఆ హడలు పుణ్యమా అని నెల్లూర్లో మూడు నెలల కోర్సు చేసిన నాలాంటివాడు కూడా విమానమెక్కేశాడు. మమ్మల్ని తెచ్చిన కన్సల్టెన్సీ వాళ్ళు షామియానా సామాను పంపినట్టు పంపేవాళ్ళు: ఈ నెల బ్యాంకుకి, వచ్చే నెల ఓడల కంపెనీకి, ఆ పై నెల ఎవరడిగితే వాళ్ళకి. యాడికి పోయినా మెళ్ళో కార్డు మీద నా పేరు కింద ‘కాంట్రాక్టర్’ అనే ఉండేది. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, ఇరవై నాలుగేళ్ళ వయసులో ‘వీడు మావాడు’ అని ఎవరో ఒకరు అంటే బాగుండునని లోపల పీకుతూనే ఉండేది.

అప్పట్లో నేను పాయా లేబర్‌లో ఒక ఆఫీసులో పనిచేస్తున్నా. అక్కడ ప్రాజెక్ట్ మేనేజర్ ఒక కెనడా ఆయన, తల మీద వెంట్రుక మొలిచి ఎన్నాళ్ళైందో. మేం చాటుగా గుండాయన అనుకునేవాళ్ళం. శుక్రవారం సాయంత్రాలు ఆయన మీటింగ్‌కి పోగానే మేం నడవాలో కాగితం ఉండకి టేపు చుట్టి క్రికెట్ మొదలుపెట్టేవాళ్ళం. నేను మొదట్నించీ వికెట్ కీపర్ని. ఒకరోజు మావాడొకడు ఊపుకొద్దీ బాదితే ఉండ నేరుగా లిఫ్ట్ వైపు పోయింది, సరిగ్గా అప్పుడే తలుపు తెరుచుకుని గుండాయన బయటికొచ్చాడు. నేను ఎగిరి ఆయన ముక్కు ముందర దాన్ని పట్టేసి, ఆయన బూట్ల దగ్గర బోర్లా పడ్డా. మా ఉద్యోగాలు గోవిందా అనుకున్నాం. ఆయన తిట్టలేదు. నన్ను లేపి, నా చేతిని అటూ ఇటూ తిప్పి చూసి, “ఐస్ హాకీలో గోల్ కాస్తావా?” అని అడిగాడు. క్లయింట్ ఏదైనా వచ్చా అని అడిగితే ‘రాదు’ అనకూడదని కన్సల్టెన్సీ వాళ్ళు మాకు మొదటి రోజే నూరిపోశారు. ‘నేర్చుకుంటున్నా సార్’ అనాలి, తర్వాత రాత్రంతా మేలుకుని నేర్చుకోవాలి. జావా అయినా అంతే, ఐస్ అయినా అంతే. “నేర్చుకుంటున్నా సార్” అన్నా.

(మంచు అనేదాన్ని నేను అప్పటిదాకా చూసింది రెండు చోట్ల. చేపల మార్కెట్‌లో చేపల మీద, ఎండాకాలంలో సోడా గ్లాసులో.)

ఆంగ్ మో కియోలో మేముండే ఫ్లాట్‌కొచ్చి సంగతి చెబితే బావ పగలబడి నవ్వాడు. బావ అంటే మా ఫ్లాట్‌లో ఉండే రాజమండ్రి ఆయన. వరసకి నాకు ఏమీ కాడు, వయసులో పెద్ద, వంట ఆయన చేతుల్లో ఉంది కాబట్టి అందరికీ బావే. “ఒరేయ్ నెల్లూరూ, నీకు రోడ్డు మీదే సరిగ్గా నడవడం రాదు, మంచు మీద నిలబడతావా?” అన్నాడు. అంటూనే ఆదివారం పొద్దున్నే లేచి పులిహోర కట్టుకుని నా వెంట బయల్దేరాడు, చూడకపోతే జన్మలో మళ్ళీ దొరకని దృశ్యమని. మా అమ్మకి ఫోన్ కార్డు గీకి చెబితే, “మంచులోనా, చెవులు మూసుకో నాయనా” అంది. ఫారిన్ అంటే చలి అని సూట్‌కేసులో ఆమె పెట్టిన మంకీ క్యాప్ ఏడాదిగా అడుగున మగ్గుతోంది. ఈ ఉక్కపోత ఊర్లో దానికి పని దొరికింది ఆ ఒక్క చోటే. హెల్మెట్ కింద అదే పెట్టుకునేవాణ్ణి.

ఒక మాల్ పై అంతస్తులో మంచు పరిచిన చిన్న రింక్ ఉండేది. ఆదివారం పొద్దున జనం రాకముందు కొన్ని గంటలు తెల్లోళ్ళు దాన్ని అద్దెకి తీసుకుని నాలుగు జట్లుగా ఆడుకునేవాళ్ళు. నలుగురు కలిసి నా కాళ్ళకి పరుపుల్లాంటి ప్యాడ్లు కట్టి, ఛాతీకి కవచం తొడిగి, మొహానికి జాలీ బిగించి, ఒక చేతికి గంపంత గ్లవ్, ఇంకో చేతికి పలకంత అట్ట తగిలించి కర్ర పట్టించారు. అన్నీ బాగానే ఉన్నాయి, నాకు స్కేటింగ్ రాదన్న సంగతి తప్ప. మంచు మీద కాలు పెట్టగానే రెండు కాళ్ళూ రెండు ఊళ్ళకి ప్రయాణమయ్యాయి. గుండాయన ఏమాత్రం కంగారు పడలేదు. ఇద్దరు ఆటగాళ్ళు చెరో వైపు పట్టి నన్ను బీరువాని తోసినట్టు తోసుకుపోయి గోల్ ముందు నిలబెట్టారు. “ఇక్కణ్ణించి కదలకు, వచ్చినదాన్ని ఆపు. అంతే నీ ఉద్యోగం,” అన్నాడాయన. ఆట అయ్యాక మళ్ళీ తోసుకొచ్చి బయట పెట్టేవాళ్ళు. అద్దం అవతల నించి బావ, “జాగ్రత్తండీ, మూలలు తగుల్తాయి” అని కేకేసేవాడు.

కానీ ఆ మొదటి దెబ్బ, అబ్బ, ఎట్టా చెప్పేది! ఆ నల్ల రబ్బరు బిళ్ళ (దాన్ని పక్ అంటారు) కర్ర తగలగానే మాయమైపోయి, కళ్ళు వెతుక్కునేలోపు నా గ్లవ్‌లో దడ్ మని కూర్చుంది. చెయ్యి భుజం దాకా ఝల్లుమంది. మా వాళ్ళంతా కర్రలతో మంచుని బాదుతూ అరిచారు. నాకు ఒళ్ళంతా పులకరింత. ఆ వారమంతా ఆఫీసులో ప్రోగ్రాం రాస్తుంటే స్క్రీన్ మీద ఫుల్‌స్టాప్ కనిపించినా చెయ్యి లేచేది. ఆదివారం ఎప్పుడొస్తుందా అని సోమవారం నించే ఎదురుచూపు.

నాలుగు జట్లకీ కలిపి గోలీలు (గోల్ కాసేవాళ్ళని అట్టా అంటారు) ఎప్పుడూ సరిపోయేవాళ్ళు కాదు. ఒకడికి హాంకాంగ్ బదిలీ, ఇంకొకడికి నడుం నొప్పి. నా సంగతి పాకగానే ప్రతివాళ్ళూ గుండాయనకి ఫోన్ చేసి, “ఈ ఆదివారం నీ కుర్రాణ్ణి పంపుతావా?” అనేవాళ్ళు. ఆయన పంపేవాడు. అట్టా నేను నాలుగు జట్లకీ ఆడా. పోయిన వారం ఎవరి గోల్స్ ఆపానో ఈ వారం వాళ్ళ గోలే కాసేవాణ్ణి. ఆట అయ్యాక, తిండి కొట్లన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్‌కి తీసుకుపోయి ఎవరికి ఆడానో వాళ్ళు కడుపునిండా ప్రాటాలు (మన పరోటాలే, ఇక్కడ అట్టా అంటారు) పెట్టించేవాళ్ళు. జీతం పుచ్చుకుని ఆడేవాడే ప్రొఫెషనల్ అయితే, ఆ లెక్కన నేను అసలు సిసలు ప్రొఫెషనల్ని. “వారమంతా ఒక కంపెనీ అద్దెకిస్తోంది, ఆదివారం ఇంకో కంపెనీ. నువ్వు సొంతానికి ఎప్పుడైనా ఖాళీగా ఉంటావురా?” అనేవాడు బావ.

ఒకే ఒక్క బాధ. నాకంటూ జెర్సీ లేదు. ఎవరికి ఆడితే వాళ్ళ సంచిలో మిగిలిపోయిన జెర్సీ ఇచ్చేవాళ్ళు, వెనకాల ఊరొదిలి పోయిన ఎవరిదో పేరు. గోల్ ఆపితే జనం ఆ పేరు పెట్టి అరిచేవాళ్ళు. గుండాయన నా మొహం చూసి కనిపెట్టినట్టున్నాడు. సీజన్ ఆఖరి మ్యాచ్‌కి ముందు నన్ను క్యాంటీన్‌కి పిలిచి, “స్వీడన్ నించి ఒక గోలీ వచ్చాడు, వచ్చే సీజన్‌కి వాణ్ణి తీసుకోమని మావాళ్ళ గొడవ. నాకు నువ్వు కావాలి. ఈ ఆదివారం నువ్వు గెలిపిస్తే నువ్వే మా గోలీ. వేరే జట్టుకి పంపను. జెర్సీ మీద నీ పేరు కుట్టిస్తా” అన్నాడు. నేను ఆ రోజు లిఫ్ట్ కోసం కూడా ఆగకుండా మెట్లు దిగేశా. బావ టేపు తెచ్చి నా వీపు కొలిచి, “ఇంటిపేరుతో సహా వేయిస్తే ముందు నించి చుట్టు తిరిగి రావాలిరా. పొట్ట మీద కామా పెట్టించుకో” అన్నాడు.

ఆ ఆదివారం నా ఆట నేనే నమ్మలేకపోయా. అప్పటికి తోసేవాళ్ళ అవసరం లేకుండా గోల్ దాకా సొంతంగా పోతున్నా (ఆగడం మాత్రం గోల్ స్తంభాన్ని పట్టుకునే). అవతలి జట్టులో ఎర్రగడ్డం ఆయన ఒకడు ఉన్నాడు, ఫిన్లాండ్ వాడు, తలుపుకి అడ్డం నిలబడితే గదిలో చీకటి పడేంత మనిషి. ఆయన కొట్టినవన్నీ ఆపా. కాలితో ఆపా, భుజంతో ఆపా, ఒకటి మొహం జాలీతో ఆపా. అద్దం మీద బావ పులిహోర చేత్తోనే బాదుతున్నాడు. చెరొక గోల్ మీద ఆట సమానంగా నడుస్తోంది, అయిపోవడానికి కాస్తే మిగిలింది. పక్ ఎర్రగడ్డం ఆయనకి అందింది. దూసుకొచ్చి కొట్టాడు. కుడికాలు చాచి ఆపేశా. పక్ పక్కకి దొర్లింది. అదే ఊపులో మా వాడొకడు ఆయన్ని వెనక నించి గుద్దితే, అంత మనిషీ బోర్లా పడి జారుకుంటూ వచ్చి నా గోల్లో పడ్డాడు, చాచిన నా కాలు టక్కున ఆయన తలకి తగిలింది.

కాలు. ఒక పెద్దమనిషి తలకి. మా ఇంట్లో పొరపాటున పుస్తకానికి కాలు తగిలినా కళ్ళకద్దుకోకపోతే మా నాయనమ్మ అన్నం పెట్టేది కాదు, ఇక మనిషి సంగతి చెప్పేదేముంది. నేను ఆలోచించలేదు. ఆలోచిస్తే చేసేవాణ్ణి కాదు. వంగి, గంపంత గ్లవ్‌తో ఆయన హెల్మెట్‌ని తాకి, భక్తిగా ఆ గ్లవ్‌ని మొహం జాలీకి అద్దుకున్నా. గ్లవ్ నా కళ్ళ మీద ఉండగా పక్కనే ఉన్న వాళ్ళ కుర్రాడు పక్‌ని నెమ్మదిగా, పాలు పొంగకుండా గరిటె తిప్పినట్టు, నా పక్కనించి లోపలికి తోసేశాడు.

 రిఫరీ తల గోక్కుని, ఎర్రగడ్డం ఆయన్ని నా మీదికి గుద్దింది మా వాడే కాబట్టి గోల్ చెల్లుతుందని తేల్చాడు. కాసేపటికే ఆట అయిపోయింది. ఓడిపోయాం. డ్రెస్సింగ్ రూంలో ప్యాడ్లు విప్పడం కూడా చేతకాక కూర్చున్నా. గుండాయన వచ్చి పక్కన కూర్చుని, “అదేంటి నువ్వు చేసింది?” అని మెల్లగా అడిగాడు. చెప్పా. శ్రద్ధగా విన్నాడు.

“విజిల్ వేసేదాకా ఆగి చెయ్యొచ్చు కదా?”

“నేను చేసేది కాదు సార్ అది. చెయ్యే చేసేస్తుంది.”

“రేపు మళ్ళీ ఎవరికైనా కాలు తగిల్తే?”

అబద్ధం చెప్పేస్తే సరిపోయేది. ‘నేర్చుకుంటున్నా సార్’ అంటే చాలు. నోరు రాలేదు. “మళ్ళీ చేస్తాను సార్” అన్నా.

ఆయన నా మంకీ క్యాప్ మీద చెయ్యి వేసి, “నాకు తెలుసు” అన్నాడు. వచ్చే సీజన్‌కి స్వీడన్ అతన్నే తీసుకున్నారు. ఆ రోజు నేను ఏడ్చాను, దాపరికం దేనికి. బావ హాకర్ సెంటర్‌లో ప్రాటాలు తనే కొని పెట్టి, “పెద్దోళ్ళకి దండం పెట్టి గోల్ ఇచ్చినవాడు ప్రపంచంలో నువ్వొక్కడివేరా, తిను” అన్నాడు.

మేం తింటూ ఉండగా ఎర్రగడ్డం ఆయన కుర్చీ లాక్కుని మా టేబుల్ దగ్గర కూర్చున్నాడు. “ఇన్నేళ్ళలో గోలీలు నన్ను కర్రతో పొడిచారు, తిట్టారు, ఒకడు కొరికాడు. నువ్వు చేసిందేంటి?” అన్నాడు. బావే లేచి నిలబడి టేబుల్ కింద నా కాలు తన్ని, కళ్ళకద్దుకుని, శాస్త్రోక్తంగా చేసి చూపించాడు. ఆయన గడ్డం నిమురుకుంటూ రెండు ప్రాటాలు తిని పోయాడు. కొత్త సీజన్ మొదటి ఆదివారం నేను మళ్ళీ ఎవరికో అద్దెకి ఆడుతున్నా. ఆయన గోల్ మీదికొచ్చి నన్ను గుద్దుకున్నాడు. విజిల్ పడింది. ఆయన లేచి, నా ప్యాడ్‌ని గ్లవ్‌తో తాకి, తన హెల్మెట్‌కి అద్దుకున్నాడు. అందరూ నవ్వారు. నెల తిరిగేసరికి అందరూ చేస్తున్నారు. నా పైకొచ్చి పడినవాడల్లా, ఏ జట్టువాడైనా, విజిల్ పడగానే ప్యాడ్ తాకి కళ్ళకద్దుకోవడమే. చివరికి ఆ స్వీడన్ అతనికీ చేశారు. అతనికి ఎందుకో అర్థం కాకపోయినా బుద్ధిగా తల వంచేవాడు.

తరవాత ప్రాజెక్టులు సర్దుకున్నాయి, గుండాయన వాళ్ళ ఊరెళ్ళిపోయాడు, బావకి పెళ్ళయి దుబాయ్ పోయాడు, ఆ రింక్ కూడా మూసేశారు. నేను ఇక్కడే ఉండిపోయా, పాసిర్ రిస్‌లో. ఇప్పుడు నా మోకాళ్ళు మెట్లు చూస్తేనే మూలుగుతాయి. మా అమ్మాయికి పన్నెండేళ్ళు, కొత్త రింక్‌లో హాకీ నేర్చుకుంటోంది. నాన్న ఒకప్పుడు ఆడేవాడని చెబితే నా పొట్ట వైపు చూసి నవ్వి ఊరుకుంది. మొన్న ఆదివారం అద్దం ఇవతల కూర్చుని చూస్తున్నా. మా పిల్ల దూసుకుపోయి గోలీ పిల్లాణ్ణి గుద్దింది, విజిల్ పడింది, లేచింది, వాడి ప్యాడ్‌ని గ్లవ్‌తో తాకింది, హెల్మెట్‌కి అద్దుకుంది. నా చేతిలో కాఫీ ఒలికిపోయింది.

రైల్లో కూర్చున్నాక, ఏమీ ఎరగనట్టు, “అదేందమ్మా, వాడి కాలు తాకి ఏదో చేశావు?” అన్నా.

“గోలీకి రెస్పెక్ట్ లా, డాడీ. ఐస్ హాకీలో ఎవ్రీబడీ డజ్.” (మాట చివర ‘లా’ తగిలించకపోతే ఇక్కడి పిల్లలకి తోచదు.)

“ఎవరు నేర్పారు?”

“కోచ్. ఫిన్లాండ్‌లో ఓల్డ్ ట్రెడిషన్ అంట. యూ వోంట్ నో లా.”

“అవున్లే, నాకేం తెలుసు” అన్నా.  అది ఫోన్ తీసి, కాలు మీద కాలేసుకుంటూ తన బూటుతో నా మోకాలిని ఫట్టున తన్నింది. “ఊప్స్, సారీ డాడీ” అంది, తలైనా ఎత్తకుండా. దీని చేత ఇంట్లో కూడా కళ్ళకద్దించాలంటే నేను మళ్ళీ ప్యాడ్లు కట్టుకుని సోఫాలో కూర్చోవాల్సిందే అనుకున్నా.