చూసొద్దాం గారు, వాలని స్తంభం

నాలుగో వార్డు సభ్యుడికి ఉన్నది ఒకటే జబ్బు. కంటితో చూడనిదే దేనికీ చెయ్యెత్తడు. సంత వీధిలో కాలువ మీద బండ పగిలింది, మార్చాలి అని చదవగానే మిగతా ఎనిమిది చేతులూ లేచేవి. ఆయన చెయ్యి మాత్రం మెడలో వేలాడే కొలత టేపు మీదికి పోయేది. "చూసొద్దాం" అనేవాడు. అంతే. చైర్మన్ నెత్తి పట్టుకునేవాడు, సభ్యులు చెప్పులు వెతుక్కునేవారు, పురపాలక సంఘం మొత్తం ఆ పగిలిన బండ చుట్టూ చేరి దాన్ని మొట్టమొదటిసారి చూస్తున్నట్టు చూసేది.

ఆయన దర్జీ. ముప్పై ఎనిమిదేళ్లుగా కొలవకుండా బట్ట మీద కత్తెర పెట్టలేదు. ఊరు మాత్రం బట్ట కంటే తీసిపోయిందా అనేది ఆయన వాదన. అసలు పేరు అందరూ మర్చిపోయారు. ఎన్నికలప్పుడు ఆ పేరుతో కాగితాలు పంచితే, ఎవరో కొత్తాయన నిలబడ్డాడు పాపం, చూసొద్దాం గారి మీద ఏం గెలుస్తాడని సొంత వార్డు వాళ్లే జాలిపడ్డారట.

ఒకసారి దూడంత కుక్క ఒకటి జనాన్ని తరుముతోందని అర్జీ వచ్చింది. ఈయన వెళ్లి ఆ కుక్కను కొలిచాడు. అది కూడా కొత్త లాగు కుట్టిస్తున్నారనుకుందో ఏమో, బుద్ధిగా నిలబడి వెనక కాలు ఎత్తి మరీ కొలత ఇచ్చింది. రెండడుగుల మూడంగుళాలు. "దూడ కాదు. అర్జీలో అబద్ధం ఉంది" అని తేల్చాడు. జనాన్ని తరమడం సంగతేమిటని చైర్మన్ అడిగితే, తరుముతుండగా చూడలేదు కనక చెప్పలేనన్నాడు.

ఇంకోసారి ఆఫీసు మీది గడియారం పది నిమిషాలు వెనక నడుస్తోంది, కొత్తది కొందాం అన్నారు. ఈయన నిచ్చెన వేసుకుని ఎక్కి చూస్తే ముళ్ల వెనక పావురం గుడ్లు పెట్టుకుని కూర్చుంది. పిల్లలు ఎగిరిపోయేదాకా అంశం వాయిదా పడింది. నెల రోజుల పాటు ఊరంతా పది నిమిషాలు ఆలస్యంగా నిద్ర లేచింది.

ఈ పిచ్చికి ఎప్పుడో మందు వేసేవాళ్లే గానీ, సంతాప తీర్మానం ఒకటి అడ్డొచ్చింది. గడియారాలు బాగుచేసే పాత సభ్యుడు ఒకాయన పోయాడని కబురొచ్చింది. ఆయన ఇంటి ముందు జనం గుమిగూడి ఉండగా బంట్రోతు కళ్లారా చూశాడు. చైర్మన్ రెండు పేజీల ప్రసంగం రాసుకుని, గొంతు బొంగురు చేసుకుని లేచాడు. అంతలో వినపడింది ఆ మాట.

"చావును కూడా చూసి రావాలా?" అన్నాడు చైర్మన్.

"చూడకుండా మనిషిని చంపడం భావ్యం కాదు కదండీ."

తొమ్మిది మందీ పూలదండతో వెళ్లారు. పోయినాయన అరుగు మీద కూర్చుని గోళ్లు తీసుకుంటున్నాడు. ఇంట్లోకి పాము దూరితే వచ్చిన జనం అది. విషయం తెలిసి ఆయన ఏమీ అనుకోలేదు. ప్రసంగం చదవమని, చివరిదాకా తల ఊపుతూ విని, ఒక నకలు ఇప్పించమన్నాడు. చైర్మన్ దర్జీని ఏమీ అనలేకపోయింది ఆ రోజు నుంచే. క్షమించలేకపోయిందీ ఆ రోజు నుంచే.

తర్వాత చైర్మన్ తెలివిగా ఒక పని చేశాడు. పనుల కమిటీ అని ఒకటి పెట్టి, దర్జీనీ, సోడా కొట్టు సభ్యుణ్నీ అందులో పడేశాడు. ఇక రోజూ మధ్యాహ్నం రెండున్నరకు బయల్దేరి మీరే చూడండి, నాలుగింటికి వచ్చి మాకు చెప్పండి, మమ్మల్ని మాత్రం కుర్చీల్లోంచి లేపకండి అన్నాడు. టేపు రెండో కొస పట్టుకోవడానికీ, చూసింది రాయడానికీ ఒక గుమాస్తా.

ఆ గుమాస్తాగా వచ్చింది ఒక అమ్మాయి. భౌతికశాస్త్రంలో పట్టా ఉంది, ఇంట్లో నాలుగు నెలల పాప ఉంది. భర్త చదువు ఇంకో ఏడాది మిగిలింది. అంతదాకా ఇల్లు నడవాల్సింది ఈ ఉద్యోగం మీదే. ఆరు నెలలు పనితనం చూసి ఖాయం చేస్తారు. ఈలోగా ఏ చిన్న తప్పు దొర్లినా ఇంటికి పంపేస్తారు.

అన్నీ బాగానే ఉన్నాయి గానీ పాప సీసా ముట్టదు. చెంచాతో పోస్తే ఉమ్మేస్తుంది. గిన్నెతో పడితే అత్తగారి మొహాన ఊదుతుంది. పొద్దున తొమ్మిదింటికి తల్లి దగ్గర తాగితే మళ్లీ సాయంత్రం ఆరింటికే. గుమాస్తా ప్రతి ఆదివారం పాపను మందుల కొట్టు త్రాసు మీద తూచి, ఆ బరువును గళ్ల కాగితం మీద చుక్క పెట్టేది. మూడు వారాలుగా ఆ గీత నేల మీద పడుకున్నట్టు పడుకుంది. ఆ గీతను చూస్తే ఆమెకు నిద్ర పట్టేది కాదు.

మధ్యాహ్నం ఒక గంట ఇంటికి వెళ్లొస్తానని చైర్మన్‌ను అడిగింది. ఆయన కలప అడితి యజమాని; దుంగను ఎంత మర్యాదగా చూస్తాడో రూలు పుస్తకాన్నీ అంత మర్యాదగా చూస్తాడు. పుస్తకం ముందుకీ వెనక్కీ తిప్పి, "రూల్లో లేదమ్మా" అన్నాడు.

రూల్లో లేనిది అర్జీలో ఉంటే? అని ఆమెకు తట్టింది. ఆ రాత్రి ఎడమ చేత్తో, ఆ వీధి వాసి అనే సంతకంతో ఒక అర్జీ రాసింది. పలానా వీధిలో ఏడో ఇంటి ఎదురుగా దీపస్తంభం వాలింది, ఎప్పుడు ఎవరి మీద పడుతుందో తెలియదు. ఏడో ఇల్లు తనదే. స్తంభం మాత్రం సైనికుడిలా నిటారుగా ఉంది. అబద్ధపు అర్జీ అని తెలిస్తే ఉద్యోగం పోతుందని ఆమెకు తెలుసు. పొద్దున ఆ కాగితాన్ని మిగతా అర్జీల అడుగున పెట్టింది.

మర్నాడు మధ్యాహ్నం ముగ్గురూ స్తంభం దగ్గర నిలబడ్డారు. దర్జీ ఒక పెద్ద గుండీకి దారం కట్టి పైనుంచి వేలాడదీసి, ఒక కన్ను మూసి చూశాడు. తర్వాత రెండో కన్ను మూసి చూశాడు. ఇవాళ వాలినట్టు లేదు, అయితే స్తంభాల్ని నమ్మడానికి లేదు అన్నాడు. గుమాస్తా గొడుగు ఇంట్లో మర్చిపోయానంటూ లోపలికి వెళ్లి ఇరవై నిమిషాల తర్వాత గొడుగు లేకుండానే వచ్చింది. ఆయన ఇంకా మూడో వైపు నుంచి చూస్తున్నాడు.

"రేపు కూడా చూడాలి" అన్నాడు.

అలా మొదలైంది. రెండో రోజు దాహం, మూడో రోజు కలం, నాలుగో రోజు అత్తగారికి కళ్లు తిరగడం. రెండు వారాలయ్యేసరికి సాకులు అయిపోయాయి. అయితే సాకుల అవసరమే కనపడలేదు. వీధిలోకి అడుగు పెట్టగానే ఆయన ఇంటికి వీపు పెట్టేసి స్తంభంలో మునిగిపోయేవాడు. సోడా కొట్టాయన కల్వర్టు మీద చతికిలబడి, మోకాళ్లు ఒక్కొక్కటే నిమురుకుంటూ, స్తంభాన్నీ తన జాతకాన్నీ మార్చి మార్చి తిట్టేవాడు.

ఇంత అమాయకుడేమిటి అనుకునేది గుమాస్తా. ఒక్కోసారి జాలేసి, రెండు రోజులుగా కాస్త పడమటికి ఒరిగినట్టుందండీ అని తనే అందించేది. ఆయన సంతోషంగా అది రాయించేవాడు. నివేదికల్లో స్తంభం సోమవారం తూర్పుకి పావు అంగుళం, మంగళవారం ఉత్తరానికి అర అంగుళం, బుధవారం నిటారు. ఆ అంకెలకు తలా తోకా లేదు. చదువుకున్న శాస్త్రం గుర్తొచ్చి ఆమె తల దించుకుని రాసేది. ఇంట్లో గీత మాత్రం లేచి కూర్చుంది, ఆ తర్వాత నిలబడింది. ఆదివారం ఆదివారం చుక్క పైకి జరుగుతుంటే, ఆమె ఆ ముసలాయన్ని మోసం చేస్తున్నందుకు మనసులో దణ్ణం పెట్టుకుని, సోమవారం మళ్లీ మోసం చేసేది.

ఉద్యోగం ఖాయమవడానికి మూడు వారాలుండగా చైర్మన్ పనుల కమిటీ ఫైలు తెప్పించుకుని చదివాడు. చదివి, మధ్యాహ్నం రెండింటికే సభ పెట్టాడు.

ఒకటే స్తంభం మీద తొంభై ఒక్క నివేదికలున్నాయని చెప్పాడు. తాను పొద్దున వెళ్లి చూశానని, ఆ స్తంభం తన అడితిలో ఏ దుంగ కన్నా తిన్నగా ఉందని చెప్పాడు. ఆ వీధిలో ఇంటింటా అడిగితే అర్జీ ఎవరూ పెట్టలేదన్నారట. కనక ఇది ఎవరో ఆడిన ఆట. ఎవరన్నది తేలాలి, ఆ తర్వాత సంగతి రూలు చూసుకుంటుంది.

"ముందు ఆ అర్జీ చదువమ్మా" అని కాగితం గుమాస్తాకు అందించాడు.

ఆమె కాగితం అందుకుంది. తొందరగా చదివి వదిలించుకోవాలనుకుంది. పై నుంచి కిందిదాకా గడగడా చదివేసింది.

చైర్మన్ కళ్లజోడు తీశాడు. "ఆ కోడిగీతలు కూడబలుక్కోడానికి నాకు రెండు రోజులు పట్టింది. నువ్వు తడుముకోకుండా చదివేశావే."

గుమాస్తా కాగితం మడిచి బల్ల మీద పెట్టింది. పోయింది అనుకుంది. ఉద్యోగం, ఇల్లు, ఆదివారపు చుక్క, అన్నీ.

అప్పుడు దర్జీ లేచాడు. "అది నేను రాసిందేనండీ. అమ్మాయికి నా రాత అలవాటు."

"మీరా? మీ స్తంభం మీద మీరే అర్జీ పెట్టుకున్నారా?"

"వాలిందేమోనని అనుమానమొచ్చింది."

"అయితే మీరూ ఒకసారి చదవండి, వింటాం."

ఆయన కాగితం తీసుకున్నాడు. దూరంగా పెట్టి చూశాడు. దగ్గరికి తెచ్చి చూశాడు. అలవాటు కొద్దీ టేపు కూడా తడుముకున్నాడు. "దీప... దీపము... ఏడో..." అని ఆగి, గుమాస్తా వైపు వంగి గుసగుసగా, "ఈ మాటేమిటమ్మాయ్, మేకా?" అన్నాడు. ఆ గుసగుస కిటికీ అవతల బంట్రోతుకు కూడా వినపడింది.

ఎనిమిది మంది ఒకేసారి దగ్గారు. సోడా కొట్టాయనకు మాత్రం ఓపిక చచ్చిపోయింది. మోకాళ్లు పట్టుకుని లేచి, "ఎందుకండీ ఈ నాటకం. తొంభై ఒక్క రోజులు ఆ కల్వర్టు మీద నేను కూర్చున్నది స్తంభం కోసమా? పసిదానికి ఆ వేళకి పాలు. స్తంభం మానేస్తే అది పస్తుంటుంది. రాసుకోండి, ఎవర్ని పంపేస్తారో పంపేయండి" అన్నాడు.

"నీకు చెప్పొద్దన్నానా" అన్నాడు దర్జీ కోపంగా.

గుమాస్తా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. తొంభై ఒక్క రోజులు. తొంభై ఒక్క సార్లు తను ఎంత తెలివిగా జారుకుంటున్నానో అనుకుంటూ వచ్చింది.

చైర్మన్ కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు. రూలు పుస్తకం ముందుకు తిప్పాడు, వెనక్కి తిప్పాడు. "గుమాస్తా పనివేళల్లో ఇంటికి వెళ్లొచ్చని రూల్లో లేదు" అన్నాడు. తర్వాత పుస్తకం మూశాడు. "ఒక స్తంభాన్ని ఎన్నిసార్లు చూడాలన్నది కూడా రూల్లో లేదు. పిల్లకి ఎన్నో నెల?"

"తొమ్మిది నిండాయండీ" అంది గుమాస్తా.

"అయితే ఇంకో మూడు నెలలు చూశాక నిర్ణయిద్దాం. ఇవాళ చూశారా?"

మీరు సభ పెట్టారు కదా, ఎలా చూస్తాం అని దర్జీ నిష్ఠూరమాడాడు. మూడు దాటిపోయింది.

పావుగంట తర్వాత వీధిలోకి తొమ్మిది మందీ వచ్చి, ఏడో ఇంటికి తొమ్మిది వీపులు పెట్టి నిలబడ్డారు. లోపల పాప అప్పటికే ఆకలితో ఇల్లు ఎగరగొడుతోంది. గుమాస్తా దాన్ని ఒళ్లోకి తీసుకుని, కళ్లు తుడుచుకుంటూ, జరిగింది అత్తగారికి చెప్పింది. అత్తగారు ఆశ్చర్యపోలేదు.

"మొదటి రోజే నన్ను కిటికీలోంచి అడిగాడు కదే, పిల్ల ఏ వేళకి లేస్తుందని. మధ్యాహ్నమయ్యేసరికి నువ్వు ఫైళ్లు గుండెలకు హత్తుకుని నడుస్తున్నావట. బట్ట తడిస్తే దర్జీకి తెలియదా అన్నాడు."

"మీకు తెలిసి నాకు చెప్పలేదా అత్తయ్యా?"

"చెబితే మర్నాటి నుంచి రావు. నీ రోషం నాకు తెలియదా. అయినా నువ్వు రోజూ దొంగలా వచ్చి గొడుగు, కలం అంటుంటే నాకు భలే కాలక్షేపంగా ఉండేది."

బయట గొంతులు పెరిగాయి. గుండీ దారం చైర్మన్ చేతికి వచ్చినట్టుంది. తన జీవితం కలప మధ్యే గడిచిందని, ఇప్పుడు పరీక్షగా చూస్తుంటే ఒక వెంట్రుకవాసి దక్షిణానికి ఒరిగినట్టే ఉందని ఆయన అంటున్నాడు. దక్షిణం కాదు, నైరుతి అంటున్నాడు దర్జీ. ఎటైనా సరే తొందరగా తేల్చకండి అంటున్నాడు కల్వర్టు మీద నుంచి సోడా కొట్టాయన.

గుమాస్తాకు నవ్వు ఆగలేదు. ఒళ్లు కదిలేసరికి పాప తాగడం ఆపి, విసుగ్గా తల్లి మొహంలోకి చూసింది. కిటికీ అవతలి రభస కాసేపు విన్నది. తర్వాత, చర్చ ఎంతసేపు సాగినా తనకు అభ్యంతరం లేదన్నట్టు, మళ్లీ పనిలో పడింది.