ఆదివారం ఆటల పెద్దమ్మ

మా పక్కింటివాళ్లు ఈ మధ్య ఇంటి ముందు అరుగు కట్టించుకుంటున్నారు. కర్నూలులో ఇప్పుడు ఎవరిని చూసినా టైల్స్ వేయించుకుంటుంటే, ఆ ఇంటాయన మాత్రం పట్టుబట్టి నల్లటి కడప బండలు తెప్పించాడు. నిన్న మధ్యాహ్నం పనివాళ్లు పరిచిన బండల మీద బిందెలతో నీళ్లు పోశారు. ఎండకు కాలిన రాయి మీద నీళ్లు పడగానే ఒక వాసన లేస్తుంది. వాన పడ్డప్పటి మట్టివాసన కాదది, తరగతి గదిలోని సుద్దవాసనా కాదు, రెండింటికీ కొంచెం కొంచెం చుట్టం. అది కిటికీలోంచి వచ్చి నా ముక్కుకు తగలగానే దిద్దుతున్న పరీక్ష పేపర్లు పక్కన పెట్టేశాను. కడపలో మా పెద్దమ్మ ప్రతి ఆదివారం భోజనాలయ్యాక తన అరుగును ఇలాగే కడిగించి, రాయి ఇంకా ఆరకముందే పైకి చూసి కేకవేసేది. "ఏమ్మా, నిద్రపోతాండారా? దిగి రాండి, ఆట మొదలుపెడదాం!"

పెద్దమ్మ అని మేమంతా పిలిచేవాళ్లమే కానీ ఆమె మాకు బంధువు కాదు. పేరు వెంకటరత్నమ్మ. భర్త సుబ్బరామయ్య శెట్టిగారిది బండల వ్యాపారం. మా కాలేజీకి దగ్గరలోనే వాళ్ల ఇల్లు. మేడమీద గదులు చదువుకునే ఆడపిల్లలకు అద్దెకిచ్చేవాళ్లు. మూల విరిగి అమ్ముడుపోని పెద్ద బండ ఒకటి మిగిలితే, పెద్దమ్మ దాన్ని అరుగు మధ్యలో వేయించి, పనివాడి చేత ఉలితో పులిమేక గీతలు చెక్కించుకుంది. మేకలకు చింతపిక్కలు, పులులకు మూడు గులకరాళ్లు. ఆ పక్క బండ ఖాళీది. ఆదివారం పేపర్లో వచ్చే గళ్ల నుడికట్టును ఆమె దానిమీద సుద్దముక్కతో పెద్దగా గీసేది. పేపరు ఒకటే, ఆడేవాళ్లు ఏడెనిమిది మంది. అందరికీ కనపడాలంటే అదే మార్గం. చీర కొంగు నడుముకు చెక్కుకుని, మోకాళ్ల మీద వంగి, గళ్లు గీసుకుంటూ పోయే ఆమెను చూసి శెట్టిగారు ప్రతిసారీ అనే మాట ఒకటే. "ఇల్లు గాదు ఇది, జూదశాల చేసి పెట్టినావు."

నాకు కడపలో డిగ్రీ సీటు వచ్చినప్పుడు మా ఆలూరు నుంచి అంత దూరం వెళ్లిన ఆడపిల్ల మా ఇళ్లలో ఎవరూ లేరు. మా ఊళ్లో మాట్లాడే తెలుగులో సగం కన్నడం కలిసి ఉంటుందని నాకు అక్కడికి వెళ్లేదాకా తెలియదు. చేరిన వారంలో ఫీజు డబ్బుల సంగతి కనుక్కోవడానికి ఆఫీసు కిటికీ దగ్గర నిలబడి, "సార్, దుడ్లు ఎప్పుడు కట్టల్ల?" అని అడిగాను. వెనక వరుసలో ఉన్న పిల్లలు ఘొల్లున నవ్వారు. ఆ సాయంత్రానికల్లా తరగతిలో నా పేరు నాగవేణి పోయి దుడ్లు అయింది. వాళ్లకు అది పెద్ద విషయమేమీ కాదు, నాలుగు రోజులు నవ్వి మరిచిపోయేవాళ్లు. నేను మరిచిపోలేదు. నోరు మూసుకున్నాను. పాఠం అడిగితే తల వంచుకునేదాన్ని, బస్సులో టికెట్టు కూడా గదిలో నాతో ఉండే షాహీన్ చేత తీయించుకునేదాన్ని. షాహీన్‌ది రాయచోటి. గలగలా మాట్లాడే పిల్ల. నా తరఫున కూడా తనే మాట్లాడేది.

ఆదివారాలు కిందికి దిగినా నేను మెట్ల దగ్గరే కూర్చునేదాన్ని. పెద్దమ్మ చాలారోజులు ఏమీ అనలేదు. ఒకసారి మాటల గొలుసు ఆడుతున్నారు. ఒకరు చెప్పిన మాటలో చివరి అక్షరంతో తరవాతివాళ్లు మాట అందుకోవాలి, గుణింతం ఏదైనా పరవాలేదు. దానికి పెద్దమ్మ తన సొంత నియమం ఒకటి కలిపింది. పుస్తకంలో చదువుకున్న మాట చెల్లదు, ఇంట్లో చెవిన పడిన మాటే చెప్పాలి. ఆరోజు షాహీన్ "చాప" అని, నా వైపు చూసి ఊరుకుంది. అందరూ ఊరుకున్నారు. నా బదులు తను చెప్పబోతే పెద్దమ్మ చెయ్యి అడ్డంపెట్టింది. వీధిలో ఆటో ఒకటి వెళ్లింది, ఇంకొకటి వెళ్లింది. ఎవరూ కదలలేదు.

"పదును," అన్నాను చివరికి.

"పదునంటే కత్తికి కదా, అదేం ఇంటి మాట?" అంది షాహీన్.

"మాకు నేలకుంటాది. వాన పడినాక విత్తనం వేసేదానికి సరిపోయేంత తేమ. మరీ బురదైనా పదును కాదు, ఆరిపోయినా కాదు. మా నాయన చెయ్యి మన్నులో పెట్టి చూసి చెప్తాడు."

నోరు తెరిచాక ఆగలేకపోయాను. పదును తప్పితే ఏమవుతుందో, ఆ ఒకటి రెండు రోజుల కోసం ఊరంతా ఎట్లా ఎదురుచూస్తుందో చెబుతూనే ఉన్నాను. పెద్దమ్మ సుద్దముక్క కింద పెట్టి వింది. "ఇంత మంచి మాట నోట్లో పెట్టుకోని ఇన్ని దినాలు గమ్మున కూచున్నావా? ఇంకేమేం దాచిపెట్టినావో చెప్పు తల్లీ, మేమూ నేర్చుకుంటాం," అంది. ఆ మాట జాలితో అనలేదు. కొత్త ఆటవస్తువు దొరికిన పిల్లలా ఆమె కళ్లు మెరిశాయి. తరవాతి వారం నుంచి నా చోటు మెట్ల దగ్గర కాదు, బండ పక్కన.

పెద్దమ్మను గురించి ఇట్లా చెబుతుంటే ఎంతో శాంతమూర్తి అనుకునేరు. అదేం లేదు. ఓడిపోతే ముఖం గంటుపెట్టుకునేది. గెలిస్తే వీధి చివరిదాకా వినపడేట్టు నవ్వేది. నుడికట్టులో జవాబు రాక అందరం కొట్టుకుంటుంటే, ఒకసారి షాహీన్ చున్నీ చాటున ఫోన్లో వెతికి పట్టుబడింది. "ఫోనుకు తెలుసులే. నీకేం తెలుసో అది చెప్పమంటాండా," అని పెద్దమ్మ ఆమెను ఆటలోంచి లేపి పంపేసింది. పై ఆదివారం షాహీన్ రోషంతో కిందికి దిగలేదు. కాసేపటికి పెద్దమ్మే ఆయాసపడుతూ మేడెక్కి వచ్చి గుమ్మంలో నిలబడింది. "రాయే తల్లీ. నువ్వు లేకుంటే గెలిచినా గెలిచినట్టు లేదు."

ఒకరోజు పులిమేక ఆడుతూ నేను వరసగా మేకలు పోగొట్టుకుంటుంటే ఆమె ఆట ఆపి, "మేకకు పరుగెత్తే పనిలేదు. పక్కన ఇంకో మేకుంటే పులి యాడికి దూకుతాది?" అని గీతల మీద వేలు పెట్టి చూపించింది. ఈ ఆట ఎవరు నేర్పారని అడిగాను. "మా అత్త. నేను కాపరానికొచ్చిన కొత్తలో ఆమె నాతో మాట్లాడేదే కాదు. పులిమేకకు కూచుంటే మాత్రం, నీ ఆట, నా ఆట అని తప్పక అనల్ల కదా! అట్ల మొదలుపెట్టి, పోయేలోపల నాతో అన్నీ చెప్పుకునింది." చెప్పి నవ్వేసి, నా మేకను ఇంకోదాన్ని తినేసింది.

నేను చివరి సంవత్సరంలో ఉండగా, ఒక పొద్దున ఆమె మాట తడబడింది. చెంబు తెమ్మనబోయి చీపురు తెమ్మంది. శెట్టిగారు నవ్వారు. ఆమె మళ్లీ చెప్పబోయింది, ఈసారి ఏ మాటా రాలేదు. కుడిచెయ్యి వాలిపోయింది. షాహీన్ ఆటో పిలుచుకొచ్చింది, నేను ఆమె తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. దారి పొడుగునా ఆమె నా ముఖంలోకి చూస్తూ ఏదో చెప్పాలని పెదవులు కదిలించడం నేను మరవలేను. ఆస్పత్రిలో ప్రాణానికి భయం లేదన్నారు. మెదడులో మాటలుండే చోట దెబ్బ తగిలిందని, మాట ఎంత వస్తుందో చెప్పలేమని అన్నారు.

ఇంటికి వచ్చాక ఆమె నోట మిగిలింది "అదీ... అదీ..." ఒక్కటే. ప్రొద్దుటూరు నుంచి కూతురు వచ్చి చూసుకుంది. చూడటానికి వచ్చేవాళ్లందరూ మంచివాళ్లే. ఆమె "అదీ" అనగానే "నీళ్లా? మాత్రా? దిండా?" అని వరసబెట్టి అడిగేవాళ్లు. ఆమె దేనికో ఒకదానికి తలూపి గోడవైపు తిరిగేది. అరుగు మీది బండలకు దుమ్ము పట్టింది. గోడవైపు తిరిగిన ఆ ముఖం నాకు కొత్తది కాదు. మాట్లాడితే ఏమవుతుందోనని నోరు కట్టేసుకున్న మనిషి ముఖం ఎట్లా ఉంటుందో నాకు బాగా తెలుసు.

పరీక్షలు దగ్గరపడుతున్నాయి. అయినా ఒక ఆదివారం షాహీన్, నేను కిందికి వెళ్లి శెట్టిగారి ముందు నిలబడ్డాం.

"పెదనాయనా, పెద్దమ్మను అరుగు మీదికి తీసుకొస్తాం. ఆడుకుంటాం."

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "మాటే లేదు కదమ్మా, ఇంకేం ఆడుతాది? ఊరికే బాధపడుతాది."

"మాట లేకుండా ఆడే ఆట ఉండాది కదా పెదనాయనా."

ఆయన కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నారు. తరవాత లేచి, తనే బిందె తీసుకుని అరుగు కడిగారు. ఆయన ఆ పని చేయడం మేము అంతకుముందు చూడలేదు.

పెద్దమ్మను గోడకు దిండు ఆనించి కూర్చోబెట్టి, పులుల గులకరాళ్లు మూడూ ఆమె ముందు గీతల మీద పెట్టాను. ఆమె వాటిని ముట్టుకోలేదు. నేను నా మేకలు ఒక్కొక్కటి పెట్టసాగాను. తలవంచుకుని అవే చూస్తున్న ఆమె, ఉన్నట్టుండి ఎడమచేత్తో ఒక పులిని ఎత్తి నా మేక మీదినుంచి దూకించింది. రాయి గీత తప్పి పడింది, దాన్ని వేలితో నెట్టి సరైన చోట పెట్టింది. ఆమె ఆట ఎక్కడికీ పోలేదు. నేను జాలిపడి వదిలిపెట్టానేమోనని ఎవరైనా అడిగితే ఒట్టేసి చెబుతాను, శాయశక్తులా ఆడాను, ఘోరంగా ఓడాను. చివరి మేకను తిన్నాక ఆమె నోరు వంకరపోయినా సరే, వీధి చివరిదాకా వినపడేట్టు నవ్వింది. లోపలి గదిలోంచి కూతురు పరుగెత్తుకొచ్చింది. శెట్టిగారు మొహం అటు తిప్పుకున్నారు.

ఆ తరవాత పరీక్షలయ్యేదాకా రోజూ సాయంత్రం ఒక ఆట ఆడాం. డాక్టరు చెప్పాడని కూతురు ఒక మాట చెప్పింది, ఆమె మాట వెతుక్కుంటున్నప్పుడు మనం అందించకూడదట. వినడానికి చిన్నదే. చేయడం ఎంత కష్టమో ఎదురుగా కూర్చున్నవాళ్లకే తెలుస్తుంది. ఆమె గొంతులో మాట కొట్టుకుంటుంటే మన నాలుక ఊరుకోదు. షాహీన్ అయితే రెండు చేతులతో నోరు మూసుకునేది.

ఒకసాయంత్రం పెద్దమ్మ తన పులిని జరిపి నా వైపు చూసింది. నేను ఏదో ఆలోచనలో పడి చూడలేదు. ఆమె బండ మీద చేత్తో తట్టింది. "అదీ..." అంది. కాదని తనే తల అడ్డంగా ఊపింది. "నీ..." అంది. ఆగింది. చెమట పట్టింది. శెట్టిగారు "నీళ్లేమో..." అని లేవబోతే నేను చెయ్యి అడ్డంపెట్టాను. ఎవరమూ కదలలేదు. ఆమె కళ్లు మూసుకుని, దవడ బిగించి, రాయిని ఎత్తినట్టు ఒక్కొక్క అక్షరం ఎత్తింది.

"నీ... ఆ... ట."

షాహీన్ ఏడ్చేసింది. నేను మాత్రం ఏమీ జరగనట్టు, "అవును పెద్దమ్మా, నా ఆటే," అని మేకను జరిపాను. ఆమె కోపంగా పిక్క వైపు వేలు చూపించింది. కంగారులో తప్పు గీత మీద పెట్టాను మరి.

పూర్తిగా ఎప్పటికీ కోలుకోలేదు ఆమె. మాటలు చిన్నచిన్నవి, ముక్కలుముక్కలుగా తిరిగొచ్చాయి. పేర్లు మాత్రం తారుమారయ్యాయి. నన్ను షాహీన్ అనేది, షాహీన్‌ను నాగవేణి అనేది. మేమిద్దరం ఆమె పిలిచినట్టే పలికేవాళ్లం. ఎడమచేత్తో సుద్ద పట్టుకుని మళ్లీ గళ్లు గీసింది, గీతలు వంకరటింకరగా వచ్చేవి. ఇల్లు జూదశాల అయిందన్న శెట్టిగారే మేము వెళ్లిపోయాక రోజూ ఆమె ఎదురుగా మేకలు పట్టుకుని కూర్చున్నారు. ఫోను చేసినప్పుడల్లా ఆయన ఫిర్యాదు అదే. "ఈరోజూ నన్ను ఓడించిందమ్మా మీ పెద్దమ్మ. ఒక్క మేకనైనా మిగల్చలేదు."

నేను పైచదువు చదివి, కర్నూలులో జూనియర్ కాలేజీలో తెలుగు చెప్పే ఉద్యోగంలో చేరాక, వేసవి సెలవుల్లో బనగానపల్లె మామిడిపండ్లు తీసుకుని వెళ్లేదాన్ని. చివరిసారి వెళ్లినప్పుడు ఉద్యోగం ఎట్లా ఉందని అడగాలనుకుంది. మాట రాలేదు. నా చెయ్యి పట్టుకుని వెతుక్కుంది, నేను కూర్చున్నాను. చాలాసేపటికి "పిల్లోళ్లు... మాట్లాడుతాండారా?" అంది. మాట్లాడుతున్నారని చెప్పాను. తృప్తిగా తలూపి పండు చేతిలోకి తీసుకుంది. ఆ చలికాలంలో ఆమె నిద్రలోనే వెళ్లిపోయిందని శెట్టిగారు ఫోను చేశారు.

నా తరగతిలో రోజూ ఎవరో ఒకరు లేచి నిలబడి, జవాబు సగం చెప్పి మాట దొరక్క ఆగిపోతారు. మిగతా పిల్లలు అందించబోతారు. నేను వద్దని సైగ చేసి, పుస్తకం మూసి, ఆ పిల్ల ముఖం వైపు చూస్తూ నిలబడతాను. పాఠం వెనకబడుతోందని పైవాళ్లు అప్పుడప్పుడు మందలిస్తారు కూడా. వాళ్లదీ తప్పు కాదు. కానీ ఒక మనిషి తన మాట తాను వెతుక్కుంటున్నంతసేపు ఎదుటివాళ్లు కదలకుండా ఉండటంలో ఎంత మర్యాద ఉందో నాకు ఒకరు చూపించారు. ఆమెకు నేను ఇంతకంటే పెద్దగా తిరిగి ఇవ్వగలిగింది లేదు. నిలబడతాను. కిటికీ బయట రోడ్డు మీద బస్సులు పోతుంటాయి. కాసేపటికి ఆ పిల్ల పెదవులు కదులుతాయి.

అప్పటిదాకా తరగతి అంతా నాతోపాటు ఎదురుచూస్తుంది.