గిన్నెలో ఉన్న ఒక్క మెతుకు

పోయిన వారం రాయదుర్గంలో మెట్రో దిగి, మా అక్క కూతురు పనిచేసే ఆఫీసుకని పక్కరోడ్డులోకి మళ్ళానో లేదో, ఎర్రజెండా పట్టుకున్న మనిషి ఒకతను చెయ్యి అడ్డంపెట్టి విజిల్ ఊదాడు. ఏదో కొత్త భవనం పునాదికి బండ పేలుస్తున్నారట. నాతోపాటు ఆగిన కుర్రకారంతా విసుక్కుంటూ ఫోన్లు చూసుకుంటున్నారు. నేను మాత్రం ఊపిరి బిగబట్టి నేలవంక చూస్తూ ఉండిపోయాను. కాళ్ళకింద ఆ చిన్న అదురు తగలగానే, ఏదో పడిపోతుంటే పట్టుకోబోయినట్టు నా చేతులు వాటంతటవే ముందుకు వచ్చేశాయి. రిటైరై ఇన్నాళ్ళయినా ఈ ఒంటికి బుద్ధి రాలేదు.

మా తరంవాళ్ళకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో కొండాపూర్ దాటితే బండలు తప్ప మనిషి కనబడేవాడు కాదు. ఆ బండల మధ్య ఒక అద్దెమేడలో మా చిన్న కంపెనీ ఉండేది. ఎంజైములు తయారుచేసేవాళ్ళం. ఎంజైమంటే బ్రహ్మపదార్థమేమీ కాదు, కడుపులో అన్నం అరిగించే సరుకులాంటిదే, ఒక పనిని చకచకా జరిపించే ప్రోటీను. మాది మిల్లుబట్టలకు పట్టించిన గంజిని వదలగొట్టే రకం. చల్లటి నీళ్ళలో చక్కగా పనిచేసి, నీళ్ళు బాగా కాగితే చతికిలబడేది. దాన్ని వేడికి తట్టుకునేలా మార్చాలని మా పెద్దసారు పట్టు. ఆయన తల నెరిసిందే ఆ ఒక్క ఎంజైము వెనకాల. ఎక్కడ మార్చాలో తెలియాలంటే దాని రూపు తెలియాలి, రూపు తెలియాలంటే దాన్ని పటికబెల్లం పలుకులా స్ఫటికం కట్టించి ఎక్స్‌రే తీయించాలి.

నాకా, ఒకచోట కాలు నిలవదు. కాలుగాలిన పిల్లి అనేది మా అమ్మ. అలాంటిదాన్ని తెచ్చి, కదిలిస్తే చెడిపోయే చుక్కల ముందు కూర్చోబెట్టాడు ఆ దేవుడు. పళ్ళెంలో ఎంజైము కలిపిన నీళ్ళు చుక్కలుగా పెట్టి, పలుకు కడుతుందేమోనని మూతలు బిగించి, రోజూ సూక్ష్మదర్శినిలో చూడటం, ఏమీ లేకపోతే మూతపెట్టి మర్నాటికోసం కాచుకోవడం, ఇదీ ఉద్యోగం. దసరాలోగా రూపు తేల్చకపోతే మా విభాగం ఎత్తేస్తానని యజమాని చెప్పేశాడు. మా బావగారు, అంటే అక్క భర్త, తన సాఫ్ట్‌వేర్ కంపెనీలో నాకు ఉద్యోగం ఖాయంచేసి, చేరతావా చచ్చేదాకా ఆ గంజినీళ్ళే చూసుకుంటావా అని రోజూ ఫోను. నాతో చదివినవాళ్ళలో చాలామంది అప్పటికే అటు దూకేశారు. పొద్దున లేస్తే వెళ్ళిపోదామనిపించేది, సాయంత్రానికి ఉందామనిపించేది. ఏ మాటమీదా నిలబడలేని నామీద నాకే చిరాకు.

ఇవి చాలనట్టు మా ఎదురుగా ఆఫీసు టవర్లకోసం రోజూ మధ్యాహ్నం బండలు పేల్చేవాళ్ళు. ఆ అదురుకు, ఒద్దికగా ఒక పలుకు కట్టాల్సింది కాస్తా పిండిపిండిగా అడుక్కి దిగేది. పళ్ళెంకింద స్పాంజి పరిచాం, స్కూటరు ట్యూబుకు గాలికొట్టించి దానిమీద పెట్టాం, లాభం లేకపోయింది. చివరికి నేనే రోడ్డు దాటి వెళ్ళి పేలుళ్ళ మేస్త్రీని బతిమాలుకున్నాను. పాలమూరు మనిషి. నా మాట విని అతను నోరు తెరిచేశాడు. "ఏంది మేడం, చుక్క నీళ్ళు కదుల్తయని గింత పని బంద్ పెట్టాల్నా? మా సేటు నన్ను బతకనిస్తడా?" నా ముఖం చూసి జాలిపడ్డాడో ఏమో, ఆ వారమంతా అవతలి గుట్ట కొట్టుకుంటానని, ఇగ మళ్ళీ రావద్దని చెప్పి పంపించాడు.

ఆ వారం ఎంత నిశ్శబ్దమో! మేమంతా మెట్లమీద కూడా మెల్లగా నడిచాం. ఏమీ కట్టలేదు. చుక్కలు కన్నీళ్ళలా తేటగా అలాగే ఉన్నాయి. మళ్ళీ ఎదుటిబండ పేల్చడం మొదలైన మర్నాడు చూద్దును కదా, ఒక చుక్కలో ఒకే ఒక్క పలుకు, అంచులు తీర్చినట్టుగా మెరుస్తోంది. కొన్నిసార్లు అదురే పలుకును పుట్టిస్తుందట, పెద్దసారు చెప్పారు. సంబరం పట్టలేక మేస్త్రీకి లడ్డూలు పట్టుకెళితే, "మరి గప్పుడు నన్నెందుకు బంద్ పెట్టమన్నరు?" అని నిలదీశాడు.

కానీ అది ప్రోటీనేనా? చుక్కలో మేం వేసే ఉప్పే ఒక్కోసారి పలుకై కూర్చుంటుంది, కంటికి రెండూ ఒకటే. అంతకుముందు అలాగే ఉప్పును మోసుకెళ్ళి, ఎక్స్‌రే యంత్రమున్న సంస్థలో నవ్వులపాలై వచ్చాం. ఈసారి రూఢిచేసుకునే రమ్మన్నారు. మా దగ్గరున్న దారి ఒక్కటే, సూదిమొనతో నొక్కడం. టక్కున విరిగితే ఉప్పు, మెత్తగా చితికితే ప్రోటీను. అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు చాలంటారు. మా గిన్నెలో ఉన్నదే ఒక్క మెతుకు.

వద్దని పెద్దసారుతో పోట్లాడాను. కనీసం ఆశన్నా మిగులుతుంది కదా అని నా ఏడుపు. ఆయన కసరలేదు. "అబద్ధాన్ని దాచుకుని ఏం చేసుకుంటామమ్మా? నా చెయ్యి వణుకుతుంది, నువ్వే నొక్కు" అని సూది నా చేతికిచ్చి, కిటికీవైపు తిరిగి నిలబడ్డారు. టక్కుమంటే ఆ క్షణమే బావగారికి ఫోను చేసి వస్తున్నానని చెప్పేద్దామనుకున్నాను. నా బతుకంతా ఆ సూదిమొన కింద ఉంది. నొక్కాను.

చప్పుడు లేదు. మెత్తగా, ఉడికిన మెతుకులాగే, ఒత్తుకుని చితికిపోయింది. "మెత్తగానా? నిజంగా మెత్తగానేనా?" అని ఆయన మళ్ళీ మళ్ళీ అడుగుతుంటే, మాదేనని సంతోషం, పోయిందని దుఃఖం, రెండూ ఒక్కసారే తన్నుకొచ్చి భోరుమన్నాను. ఆ చితికిన నలుసుల్ని నా జడలోంచి పీకిన వెంట్రుకకు అంటించి, పాలలో తోడు వేసినట్టు, కొత్త చుక్కల్లో గీశాం. దసరాలోపే వాటిలో పలుకులు కట్టాయి, ఎక్స్‌రేలో రూపూ తేలింది. మా విభాగం నిలిచింది, నేనూ నిలిచాను. బావగారు చాలాకాలం నాతో మాట్లాడలేదు. గంజి వదిలించే ఆ ఎంజైము వేడినీళ్ళలో నిలబడేసరికి నా జుట్టూ నెరిసింది. పెద్దసారు దాన్ని చూసే పోయారు.

ఆ బావగారి కూతురే ఇప్పుడు రాయదుర్గంలో కంప్యూటరు ముందు కూర్చుని కొత్త ప్రోటీన్లు కల్పిస్తోంది. మొన్న నేను వెళ్ళేసరికి, టీ చల్లారేలోగా ఒకదాని రూపు తెరమీద తెప్పించి, రంగురంగుల రిబ్బన్లలా గిరగిరా తిప్పి చూపించింది. తప్పయితే ఇంకొకటి వేసుకుంటారట, ఎన్నయినా వేసుకోవచ్చట. మంచిదే, నిజంగా మంచిదే. మా పాట్లు ఈ పిల్లలెందుకు పడాలి? అయినా నాకు కుర్చీలో కాలు నిలవలేదు. ఇంత అందమైనదాన్ని నిజమో కాదో అని ఎవరూ వణకలేదే, పోతుందేమోనని ఎవరూ ఏడవలేదే అని లోపల ఒకటే పీకులాట. నాకు తెలియకుండానే ముందుకు వంగి ఆ బొమ్మమీద వేలుపెట్టి నొక్కాను.

గాజు గట్టిగా తగిలింది.

"అది టచ్ స్క్రీన్ కాదు పిన్నీ" అంది ఆ పిల్ల, నవ్వుతూ.