గుత్తి లేని గ్రేప్‌ఫ్రూట్

ఆ ఉదయం ఇన్వర్టర్ బోర్డుకు సోల్డరింగ్ చేస్తుంటే నా చేయి వణికింది. ఒక పిన్ను మీద పెట్టాల్సిన కొన పక్క పిన్నుకు తగిలింది. ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివి సిద్దిపేటలో రిపేరు షాపు నడుపుతున్నాను. నాకు ఎప్పుడూ అలా కాలేదు. టీ తాగి మళ్లీ కూర్చున్నాను. వణుకు తగ్గలేదు.

ఇంకొకరైతే నిద్ర చాలలేదని ఊరుకునేవారేమో. కానీ నా ఒంట్లో పనిచేస్తున్నది మా అమ్మ ఇచ్చిన కిడ్నీ. ట్రాన్స్‌ప్లాంట్ అయి ఏడాది దాటింది. శరీరం దాన్ని పరాయిదనుకుని తిప్పికొట్టకుండా రోజూ రెండు పూటలా టాక్రోలిమస్ వేసుకుంటాను.

డిశ్చార్జ్ చేసేటప్పుడు, "గ్రేప్‌ఫ్రూట్ అస్సలు తినొద్దు" అన్నారు. ఆ రోజు నుంచి మా ఇంట్లోకి ద్రాక్ష రాలేదు. అమ్మ నా పాయసంలో కిస్మిస్ కూడా ఏరేసేది. ఏరినవన్నీ చెల్లెలు నోట్లో వేసుకుని, "అన్నా, నీ పుణ్యాన నేను బలుస్తున్న" అనేది.

మర్నాడే అమ్మా నేనూ హైదరాబాద్ వెళ్లాం. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పెరిగింది. రక్తంలో టాక్రోలిమస్ లెవల్ ఉండాల్సిన దానికన్నా చాలా ఎక్కువ. రిపోర్టు చూసి డాక్టరమ్మ నన్ను అడిగారు.

"డోసు డబుల్ వేసుకున్నవా?"

"లేదు మేడమ్."

"వేరే మందులు? పసరు గిట్ల?"

"ఏం లేవు."

"మరి గ్రేప్‌ఫ్రూట్?"

నాకన్నా ముందు అమ్మ అందుకుంది. "అయ్యో, ఒక్క గుత్తి గూడ ముట్టనియ్యలేదమ్మా!"

డాక్టరమ్మ పెన్ను ఆగింది. "గుత్తి ఏంది?"

"ద్రాక్షగుత్తి."

ఆమె ఫోన్‌లో ఒక ఫోటో వెతికి చూపించారు. మందమైన పచ్చటి తొక్క, లోపల ఎర్రటి తొనలు. "గ్రేప్‌ఫ్రూట్ అంటే గిది. ద్రాక్ష గాదు, నిమ్మజాతి."

అమ్మ ఫోన్ చేతిలోకి తీసుకుంది. "గిది మా అక్క దెచ్చిన పంపరపనస లెక్కనే ఉంది గదా!"

మర్కూక్‌లో పెద్దమ్మ పెరటి చెట్టు ఈ ఏడే కాపుకొచ్చింది. విటమిన్ సి మంచిదని ఆమె సంచి నిండా పళ్లు తెచ్చింది. రోజూ మధ్యాహ్నం అమ్మ తొనలు ఒలిచి ఇస్తే ఉప్పూ కారం అద్దుకుని తిన్నాను.

గ్రేప్‌ఫ్రూట్‌లోనూ పంపరపనసలోనూ ఫ్యూరనోకౌమరిన్లనే పదార్థాలు ఉంటాయట. మన పేగుల్లో కొన్ని మందులను విరగ్గొట్టే ఎంజైమ్ ఒకటి ఉంటుంది. ఆ పదార్థాలు దాన్ని ఆపేస్తాయి. దాంతో అదే మాత్ర రక్తంలోకి ఎక్కువగా చేరుతుంది. నా చేయి వణికింది అందుకే. కిడ్నీని కాపాడే మందే మోతాదు మించితే కిడ్నీని దెబ్బతీస్తుంది.

అడ్మిట్ చేసుకుని, టాక్రోలిమస్ ఆపి, రోజూ రక్తం తీశారు. లెవల్ దిగింది. క్రియాటినిన్ మాత్రం దిగలేదు. "రేపు కూడా గిట్లనే ఉంటే బయాప్సీ చెయ్యాలె" అన్నారు డాక్టరమ్మ.

అమ్మ మంచం పక్కన కూర్చుని, "నా కిడ్నీకి నేనే ఎసరు పెట్టిన గదరా" అంది.

"అది ఇప్పుడు నీది కాదమ్మా, నాది. నేను చూసుకుంట."

"చూసుకున్నవు తియ్యి, ఉప్పూ కారం అద్దుకోని!"

ఇద్దరం నవ్వాం. కానీ ఆమె అన్నం ముట్టలేదు.

మర్నాటి రిపోర్టులో క్రియాటినిన్ కొంచెం దిగింది. ఆ తర్వాత దిగుతూనే వచ్చింది. బయాప్సీ అవసరం పడలేదు. తక్కువ డోసుతో మందు మళ్లీ మొదలుపెట్టి, లెవల్ చూస్తూ సరిచేశారు.

ఇప్పుడు చేయి నిలకడగా ఉంది. పప్పులో నిమ్మకాయ పిండుకుంటాను. నా రక్తంలో పొటాషియం చూసి, అప్పుడప్పుడు ఒక సంత్ర, అంటే కమలాపండు, తినొచ్చన్నారు. పంపరపనసలోని ఆ పదార్థాలు మామూలు సంత్రలో దాదాపు ఉండవట. మొన్న పాయసంలో కిస్మిస్ కనిపించగానే చెల్లెలు, "ఇగ నా వాటా పాయె" అంది.

నేను చెప్పగలిగింది ఒక్కటే. ఏదైనా తినొద్దని డాక్టర్ అంటే పేరు విని లేచి రాకండి. దాని ఫోటో చూపించమనండి. ఆ ఫోటోను ఇంట్లో మీకు పండు ఒలిచి ఇచ్చే మనిషికి కూడా చూపించండి.