తెల్ల బాణం

ఎక్స్‌రే గది అక్కకు మౌస్‌ను గిరగిరా తిప్పడం అలవాటు. తెరమీది తెల్ల బాణం తెల్లటి ఎముకల్లో కలిసిపోతే ఊపిరితిత్తి మీదికి లాగేది. గాలి నిండిన చోటు నల్లగా ఉంటుంది కాబట్టి అక్కడ ఇట్టే దొరికేది. "తిరగలి తిప్పుతున్నావా అక్కా?" అని కంప్యూటర్లు బాగుచేసే అతను వేళాకోళమాడేవాడు. ఈరోజు తెరమీద ఉన్నది ఆమె తమ్ముడి ఎక్స్‌రే. బాణాన్ని ఎడమ ఊపిరితిత్తి మీదికి లాగింది. కనబడలేదు. మళ్ళీ తిప్పింది, మౌస్‌ను బల్లకేసి కొట్టింది. "ఇటివ్వు తల్లీ, దాన్ని చంపేలా ఉన్నావు" అంటూ పక్క కంప్యూటర్ బాగుచేస్తున్న అతను వచ్చి బాణానికి నల్లటి అంచు పెట్టాడు. "ఇక దేనిమీదున్నా కనబడుతుంది. ఎక్కడికీ పోలేదు, ఇదిగో!" నల్లగా ఉండాల్సిన ఊపిరితిత్తి తెల్లగా పరుచుకుని ఉంది, దాని నడుమ బాణం స్పష్టంగా నిలబడింది. అద్దం అవతల తమ్ముడు చొక్కా తొడుక్కుంటూ, "అయిపోయిందా అక్కా, వెళ్ళనా?" అని అరిచాడు. మౌస్ మీద అక్క చెయ్యి కదలడం లేదు. "ఉండరా," అంది, "బొత్తాలు సరిగ్గా పెట్టుకో."